కార్డు కొనే ముందు...

ఆట మధ్యలో తెర నల్లబడితే చాలు, ‘కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాల్సిందే’ అంటూ పిల్లలు మారాం మొదలెడతారు. గుణదల నుంచి బెజవాడ బజారుకు బయల్దేరే ముందు నాన్నగారు ఓ గంట ఆగాలి. చాలాసార్లు తప్పు డ్రైవర్‌ది. ఏఎమ్‌డీ కార్డు తీసి ఎన్‌విడియాది పెట్టినా పాత డ్రైవర్ ఫైళ్లు అక్కడే ఉండి పేచీ పెడతాయి. ముందుగా తయారీ సంస్థ సైట్ నుంచి కొత్త డ్రైవర్ దింపుకోవాలి. తర్వాత నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో ‘డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్’తో పాతదాన్ని తుడిచేయాలి. నెట్ ఎందుకు తీయాలంటారా? విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ని ఎక్కించేస్తుంది మరి! జీటీఎక్స్ 1050, 1060 కార్డులకైతే 580 శ్రేణి డ్రైవరే చివరిది. వీటికి కొత్త ఆటల మెరుగులు 2025 అక్టోబరుతో ఆగాయి. భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు దాకా ఇస్తామని సంస్థ చెప్పింది. ఇంత చేశాకా తెర నల్లబడుతుంటే, అప్పుడు పిల్లాడి మాట వినొచ్చు.