ప్లేట్లు లేనిది డిఫరెన్షియలే కాదట!

"ప్లేట్లు లేనిది ఎల్ఎస్‌డీయే కాదు మాస్టారూ! తక్కినవన్నీ ఆటబొమ్మలు."

అట్లాంటాలో మావాడి ఇంటి గరాజులో, కిందటి శనివారం రాత్రి, మావాడి మిత్రుడొకరు ఇచ్చిన తీర్పు ఇది. చుట్టూ నిలబడిన నలుగురూ తలలూపారు. మావాడూ ఊపాడు. వాడు ఊపడం చూసి నాకు కోపం వచ్చింది. ఆ కోపమే ఈ టపా.

ముప్పై రెండేళ్లు ఉత్వసంధులూ ఉత్పలమాలలూ చెప్పిన తెలుగు పంతులుకు కారు గియర్లతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. రెండు అచ్చులు కలిసినచోట ఏది నిలవాలో, ఏది తొలగాలో తేల్చడం సంధి పని. ఒక ఇరుసు మీది రెండు చక్రాలలో దేనికి ఎంత బలం వెళ్లాలో తేల్చడం డిఫరెన్షియల్ పని. రెండూ పంపకాల తగవులే. పైగా ఆ కారులో ఉన్నవి రెండే సీట్లు. ఒకదానిలో నా కొడుకు కూర్చుంటాడు, రెండవదానిలో పద్నాలుగేళ్ల నా మనవరాలు. మాట్లాడడానికి ఇంతకంటె అధికారం ఏమి కావాలి?

మావాడిది 1992 నాటి మాజ్డా మియాటా. 1989లో షికాగో ప్రదర్శనలో లోకానికి పరిచయమైన మొదటి తరం బండి. 1.6 లీటర్ల ఇంజను, అమెరికా లెక్కలో 116 అశ్వశక్తి. ఇంజను ముందు ఉంటుంది, దాని బలం వెనుక చక్రాలకు వెళుతుంది. చక్రాలు జారితే తనంతట తాను సర్దుకొనే ఎలక్ట్రానిక్ ఉపాయం ఏదీ అందులో లేదు. ఉన్నవల్లా డ్రైవరు కాలూ చేయీ, వెనుక ఇరుసు నడుమ ఒక ఇనుప పెట్టె. ఆ పెట్టెలో ఏమి ఉండాలన్నదే వివాదం.

ఎఱుగనివారి కొఱకు నాలుగు మాటలు. బండి లంబకోణంలో మలుపు తిరిగితే లోపలి చక్రం కంటె బయటి చక్రం ఎక్కువ దూరం నడవాలి. ఎంత ఎక్కువ? మియాటా వెనుక చక్రాల నడుమ ఎడం సుమారు 1.42 మీటర్లు. పావు వృత్తం లెక్క వేస్తే తేడా 2.2 మీటర్లు వస్తుంది. మలుపు ఇఱుకైనా విశాలమైనా తేడా అంతే. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే ఆ 2.2 మీటర్లూ ఏదో ఒక టైరు రోడ్డు మీద ఈడ్చుకొని పోవలసిందే. ఆ ఈడ్పు తప్పించడానికే 1827లో ఫ్రాన్సులో పెక్యూర్ అనే ఆయన డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందాడు. అది చక్రాలను వేఱువేఱు వేగాలతో తిరగనిస్తుంది. బలాన్ని మాత్రం చెరిసగం పంచుతుంది.

చిక్కంతా ఆ చెరిసగంలో ఉన్నది. తడి ఆకుల మీదనో, మలుపులో తేలికపడో ఒక చక్రం పట్టు తప్పితే అది ఊరికే గిరగిర తిరుగుతుంది. అది మోయగలిగిన బలం స్వల్పం. పంపకం సమానం గనుక గట్టినేల మీదున్న రెండవ చక్రానికీ అంతే స్వల్పం. సోమరి అన్న ఎంత సంపాదిస్తే కష్టపడే తమ్ముడికీ అంతే కూలి అన్నట్లు. దీనిని సవరించడానికి పుట్టినది లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. పేరు చూడండి. జారుడుకు మితి పెట్టారు, నిషేధం పెట్టలేదు. గరాజు పండితులు మఱచిపోయినది ఆ విశేషణాన్నే.

ఇందులో ముఖ్యమైన జాతులు మూడు.

మొదటిది విస్కస్. చిక్కని సిలికోన్ ద్రవంలో పలుచని పళ్లేలు ఒకదాని సందున ఒకటి తిరుగుతాయి. రెండు చక్రాల వేగాలలో తేడా వచ్చిన తరువాతనే ద్రవం అడ్డుపడుతుంది. అంటే ముందు జారుడు, పిదప పట్టు. 1990 నుండి 1993 వరకు మియాటాలో అదనపు వెల చెల్లించినవారికి దొరికినది ఇదే.

రెండవది ప్లేట్ల రకం. క్లచ్ పళ్లేల దొంతరను వాలు గాడుల సాయంతో ఇంజను బలమే నొక్కిపెడుతుంది. యాక్సిలరేటరు తొక్కినపుడు మాత్రమే పట్టేది వన్‌వే. వదిలినపుడూ పట్టేది టూవే. వదిలినపుడు కొంత తక్కువగా పట్టేది వన్ పాయింట్ ఫైవ్. వీటికి తోడు స్ప్రింగులతో ముందుగానే కొంత బిగింపు పెడతారు. దానిని ప్రీలోడ్ అంటారు.

మూడవది గియర్ల రకం. 1958లో అమెరికాలో వెర్నన్ గ్లీస్‌మన్ పేటెంటు పొందిన అమరికనుండి వచ్చిన టార్సెన్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. టార్క్, సెన్సింగ్ అన్న రెండు మాటలను నఱికి అతికిన పేరు. ఇంత నిర్దయగా అక్షరాలను లోపింపజేసే సంధి మన వ్యాకరణంలో లేదు. మెలిక పళ్ల గియర్ల రాపిడే దాని రహస్యం. తొక్కిన కొద్దీ రాపిడి, రాపిడి కొద్దీ పట్టు. జారేదాకా వేచి ఉండదు. 1994లో 1.8 లీటర్ల ఇంజను తెచ్చినపుడు మాజ్డావారు విస్కస్‌ను పక్కన పెట్టి, కోరినవారికి టార్సెన్‌ను అమర్చి ఇచ్చారు.

మావాడు కిందటి వేసవిలో రెండవ రకాన్ని, అందులోనూ టూవేను, గట్టి ప్రీలోడ్‌తో పెట్టించుకొన్నాడు. పెట్టినవారు పందేల బండ్లు కట్టడంలో చేయితిరిగినవారట. "ఈ బండి రోజూ ఎక్కడ తిరుగుతుంది?" అన్న ప్రశ్న మాత్రం వారు అడగలేదు. శరదృతువులో నేను వచ్చేసరికి కిరాణా కొట్టు ముందు బండి తిప్పినపుడల్లా వెనుకనుండి కటకటమని చప్పుడు. "అది పనిచేస్తున్నదనడానికి గుర్తు నాన్నగారూ" అన్నాడు. నేను నమ్మాను.

అక్టోబరులో ఒక సాయంకాలం వాన. మనవరాలిని తెలుగు తరగతినుండి తీసికొనివస్తున్నాడు. పెద్ద రహదారినుండి దిగే వంపులో ముందు బండి నెమ్మదించగా కాలు తటాలున వదిలి, వెంటనే మళ్లీ తొక్కాడు. వెనుక చక్రాలు రెండూ ఒక్కసారే జారినవి. బండి బొంగరంలా తిరిగి, వచ్చిన దారివైపు ముఖం పెట్టి గడ్డిలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. పిల్ల ఇంటికి వచ్చి, "తాతగారూ, లైట్లన్నీ మా మీదికే వచ్చాయి" అని మాత్రం చెప్పి, అన్నం తినకుండా పడుకొంది.

ఇప్పుడు ఆ పెట్టె విప్పి బల్ల మీద పెట్టారు. మళ్లీ ఏమి పెట్టాలన్నదే శనివారపు సభ. వారి వాదాలను పూర్వపక్షాలుగా చెప్పి, ఒక్కొక్కదానికి నా సమాధానం చెబుతాను.

మొదటి పూర్వపక్షం: "పందేలలో వాడేది ప్లేట్లనే, అదే ఉత్తమం."

పందేల చరిత్రే చూద్దాం. 1930లలో ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన ఆటో యూనియన్ పందెపు కార్లు బలం ఎక్కువై, మలుపులలో లోపలి చక్రాన్ని ఊరికే తిప్పి పారేసేవి. అందుకని 1935లో జర్మనీలోని జడ్ఎఫ్ సంస్థ చేత జారుడును అదుపు చేసే డిఫరెన్షియల్‌ను చేయించారు. ఆ మరుసటి ఏటి ఆటో యూనియన్ బండి బలం 520 అశ్వశక్తి. మావాడి బండిది 116, అదీ ముప్పై ఏళ్ల కిందట కొత్తగా ఉన్నపుడు. ఏనుగు మదానికి చేసిన సంకెల మేకపిల్లకు వేసి, మేక ఏనుగయిందని మురిసిపోవడం ఏమి వివేకం? ఉత్తమం అన్న మాట ఒంటరిగా నిలబడదు. దేనికి ఉత్తమం, ఎవరికి ఉత్తమం అని అడిగితేనే దానికి అర్థం.

రెండవ పూర్వపక్షం: "ఒక చక్రం గాలిలోకి లేస్తే టార్సెన్ చేతులెత్తేస్తుంది."

నిజం. దీనిని ఒప్పుకోకపోతే నేను పంతులునే కాను. టార్సెన్ చేసేది గుణకారం. జారే చక్రం 100 పాళ్లు మోయగలిగి, గుణకం రెండున్నర అయితే, రెండవ చక్రానికి 250 పాళ్ల వరకు పంపగలదు. గాలిలో ఉన్న చక్రం మోసేది సున్న. సున్నను దేనితో హెచ్చించినా సున్నే. కొన ఊపిరికి చేతిబ్రేకు కొద్దిగా లాగి ఆ సున్నను కొంత పెంచుకోవచ్చు గాని, అది చిట్కాయే తప్ప వైద్యం కాదు. కనుక ట్రాకు అంచుల మీదికి ఎక్కించి చక్రాలు లేపేవారూ, టర్బో తగిలించి ఇంజను బలాన్ని రెట్టింపు చేసినవారూ, వెనుక భాగాన్ని కావాలని జార్చి ఆడేవారూ ప్లేట్లే పెట్టుకోవాలి. వారితో నాకు పేచీ లేదు. ఆఫీసుకూ, తెలుగు తరగతికీ, నెలకొక ఆదివారం ఉత్తర జార్జియా కొండదారులకూ వెళ్లే మనిషి చక్రం గాలిలోకి ఎన్నిసార్లు లేస్తుంది?

మూడవ పూర్వపక్షం: "జారింది డ్రైవరు పొరపాటు వలన, టైర్ల వలన. డిఫరెన్షియల్ నేమంటారు?"

ఇందులో సగం ఒప్పుకొంటాను. ఆ టైర్ల వయస్సు ఏడేళ్లు. రబ్బరు రాయిలా గట్టిపడింది. మిగిలిన సగం వినండి. మామూలు డిఫరెన్షియల్ ఉన్న బండిలో తడిరోడ్డు మీద ఎక్కువ తొక్కితే సాధారణంగా ఒక చక్రమే గిరగిర తిరుగుతుంది. రెండవది పక్కపట్టును నిలుపుకొని బండి తోకను కాచుకొంటుంది. అసమర్థతలో దాగిన రక్షణ అది. ఎల్ఎస్‌డీ ఏదైనా ఆ రక్షణను కొంత తీసివేస్తుంది. టార్సెన్ కూడా తీసివేస్తుంది. అది రక్షరేకు అని నేననను. భేదం ఎంత తీసివేస్తుందన్నదానిలో, ఎలా తీసివేస్తుందన్నదానిలో ఉంది. గట్టి ప్రీలోడ్ ఉన్న ప్లేట్ల డిఫరెన్షియల్ మీరు కాలు మోపకపోయినా రెండు చక్రాలనూ కలిపి పట్టుకొనే ఉంటుంది. కాలు వదిలినపుడు టూవే బండిని నిలకడగా ఉంచుతుందన్నది నిజమే. కాని ఆ నిలకడనుండి తడిలో మళ్లీ తొక్కినపుడు రెండు చక్రాలూ కట్టకట్టుకొని జారుతాయి. టార్సెన్ బలం కొద్దీ పట్టు బిగిస్తుంది, బలం తగ్గగానే వదులుతుంది. డ్రైవరు పొరపాటు చేశాడంటారా? చేస్తాడు. పొరపాటు చేయని డ్రైవరుకు ఏ డిఫరెన్షియలైనా ఒకటే. మనం ఎంచుకొనేది పొరపాటు చేసేవాడికి.

నాలుగవ పూర్వపక్షం ఖర్చును గూర్చినది: "పాత విస్కస్ ఒకటి చవకగా దొరుకుతుంది. అదీ కాకుంటే లోపలి గియర్లను వెల్డింగ్ చేసి పారేస్తే పోలా?"

విస్కస్‌లోని ద్రవానికి ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. సాధారణంగా దానిని విప్పి బాగుచేయరు. వెనుక చక్రాలు రెండూ పైకి లేపి, గియరు న్యూట్రల్‌లో ఉంచి, చేతిబ్రేకు దించి ఒకదానిని చేతితో వడిగా తిప్పండి. రెండవది ఏ ప్రతిఘటనా లేకుండా ఎదురు తిరిగితే మీరు కొంటున్నది విస్కస్ శవాన్ని. ఇక వెల్డింగ్ అంటారా, అది ఆ 2.2 మీటర్ల ఈడ్పును మళ్లీ నెత్తికెత్తుకోవడం, 1827కు ముందరి కాలానికి వెళ్లడం. రోడ్డు మీద తిరిగే బండికి అది చేయరాని పని.

కనుక నా సిద్ధాంతం ఇది: రోడ్డు మీద తిరిగే 1.6 మియాటాకు 1994 తరువాతి 1.8 బండి టార్సెన్. లాభం మఱొకటి కూడా ఉంది. 1.6 బండిలోని పెద్ద పళ్లచక్రం వ్యాసం 6 అంగుళాలు, 1.8లోనిది 7 అంగుళాలు. ఆ ఒక్క అంగుళం దృఢత్వంలో చాలా దూరం వెళుతుంది. అయితే పెట్టె ఒక్కటే తెస్తే చాలదు. చక్రాలకు పోయే ఇరుసు కడ్డీలు రెండూ, గియరుబాక్సు నుండి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్టూ 1.8 బండివే కావాలి. విడిగా ఏరుకొంటే ఒకటి దొరికి ఒకటి దొరకక సతాయిస్తాయి. ఒకే బండినుండి మొత్తం తీసికోవడం మేలు. 1.8 బండ్లన్నింటిలోనూ టార్సెన్ ఉండదు. లోపల అడ్డుకడ్డీ మీద చిన్న గియర్లు కనబడితే అది మామూలుది. అమ్మేవాడి మాట కాదు, మీ కంటి మాట నమ్మండి.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మావాడి బండి నిష్పత్తి 4.3, 1994 నుండి 1997 వరకు అమెరికాలో మాన్యువల్ గియర్ల 1.8 బండ్లది 4.1. ఈ కారులో వేగమాపకం గియరుబాక్సునుండి కదులుతుంది గనుక మార్పిడి తరువాత అది సుమారు 5 శాతం తక్కువ చూపుతుంది. నిజంగా 65 మైళ్ల వేగంతో పోతుంటే ముల్లు 62 దగ్గఱ ఉంటుంది. గియరుబాక్సులోని వేగమాపకపు చిన్న పళ్లచక్రాన్నీ మార్చాలి. లేకపోతే పోలీసు చెప్పినపుడు తెలుస్తుంది.

అన్నిటికంటె ముందు టైర్లు. తరువాత ముప్పై ఏళ్లుగా ఎండిన సస్పెన్షన్ రబ్బరు బుష్‌లు. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు. డిఫరెన్షియల్ వంతు నాలుగవది. పునాది కూలుతున్న ఇంటికి గోపురం కట్టడం మనవారికి కొత్త కాదు గాని, కారు విషయంలోనైనా మానుకొందాం.

మావాడు ఇంకా ఏమీ తేల్చలేదు. కొత్త టైర్లు మాత్రం తెప్పించాడు. పిల్ల తెలుగు తరగతికి ఇప్పుడు వాళ్లమ్మ బండిలో వెళుతున్నది. మాజ్డా ఎక్కమంటే, "బల్ల మీద ఉన్నది మళ్లీ లోపల పెడతారా తాతగారూ?" అని అడుగుతుంది.

ఖండించదలచినవారు నిస్సంకోచంగా ఖండించండి. సమాధానం చెప్పడం నా వృత్తిధర్మం. అయితే ఒక్క షరతు: ప్లేట్ల మహిమ వర్ణించేముందు, మీ బండిలో పక్కసీటులో ఎవరు కూర్చుంటారో మొదటి వాక్యంలో చెప్పండి.