యాత్రాంతంలో రామేశ్వర ద్వీపవాసం

మన తెలుగువారి కాశీ రామేశ్వర యాత్రకు పెద్దలు ఒక చక్కని క్రమం ఏర్పరచినారు. ముందుగా సేతువు వద్ద ఇసుకను సేకరించి, దానిని ప్రయాగలో త్రివేణీ సంగమంలో కలిపి, అక్కడి గంగాజలాన్ని తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేయించినప్పుడే యాత్ర సంపూర్ణమగును. అనగా ఇంత సుదీర్ఘ ప్రయాణం చివరకు ముగిసేది ఒక ద్వీపంలో. రామేశ్వరం పాంబన్ దీవి మీద ఉన్నదని అందరికీ తెలిసినదే. అయితే నేటి యాత్రికునికి ఆ దీవిలో దొరికే కాలమెంత? తెల్లవారుజామున బస్సు దిగుట, అగ్నితీర్థంలో సముద్రస్నానం, ఆ తడిబట్టలతోనే ఆలయంలోని 22 తీర్థాల స్నానం, దర్శనం, భోజనం, పొద్దుగుంకేసరికి తిరిగి బస్సు! ఇరవై రోజులు అలసిన దేహానికి ఇది చివరి దెబ్బ అని నా నిశ్చితాభిప్రాయం. కనీసం మూడు రాత్రులు ఆ దీవిలో నిలిచి, పిమ్మట ఇల్లు చేరవలెను.

ఇది విలాసం కోసం చెప్పే మాట కాదు. దీర్ఘప్రయాణం వాతాన్ని ప్రకోపింపజేయును. రాత్రి జాగరణ, వేళ తప్పిన భోజనం, బస్సు కుదుపులు, ఎడతెగని గాలి, అన్నీ వాతవర్ధకాలే. వీటన్నిటికంటె హానికరమైనది వేగధారణ. నిరోధించరాని వేగాలను చరకుడు 13గా చెప్పినాడు. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర మాత్రమే గాక, శ్రమ వలన కలిగే శ్వాస కూడ వానిలో చేరినది. బస్సు ఎక్కడ ఆగునో తెలియక మంచినీరు త్రాగుట మానివేసే స్త్రీలు ఎందరో ఉన్నారు. యాత్ర నుండి వచ్చిన వారం లోపల నా వద్దకు వచ్చే తల్లులు మూత్రంలో మంట, మలబద్ధకం, నడుమునొప్పి, నిద్రలేమి అనే ఈ నాలుగే చెప్పుదురు.

“విశ్రాంతి ఇంటికి వచ్చి తీసుకోవచ్చును గదా” అని గృహస్థులు అనుట కద్దు. ఆయనకు దొరకవచ్చును. ఇల్లాలికి ఎక్కడ దొరకును? గుమ్మంలో అడుగు పెట్టినది మొదలు ఇరవై రోజుల మాసిన బట్టలు, దుమ్ము పట్టిన ఇల్లు, ప్రసాదాల పంపకం, ఆపై కాశీ సమారాధనకు వంటలు. ఆమె నడుము వాల్చుటకు వీలున్న చోటు ఆ దీవి ఒక్కటే. ఖర్చు సంగతి అందురా, జాబితాలో ఉరుకులు పరుగులతో చూసే రెండు ఊళ్ళు తగ్గించినచో ఆ సొమ్ము, ఆ రోజులు కలిసివచ్చును. ఏనుగుల వీరాస్వామిగారు 1830-31లో చెన్నపట్టణం నుండి కాశికి పోయి వచ్చుటకు పదిహేను నెలలు పట్టినది. మజిలీలే యాత్రికుని కాపాడిన కాలమది. మనము మజిలీలను తీసివేసి ప్రయాణాన్ని మాత్రమే ఉంచుకొన్నాము.

దీవికి చేరుట నేడు కష్టం కాదు. 1914లో తెరచిన పాత రైలు వంతెన మీద 2022 డిసెంబరులో రైళ్ళు నిలిచిపోయినవి. 2025 ఏప్రిల్‌లో కొత్త వంతెన వచ్చినది. రోడ్డు వంతెన 1988 నుండి ఉన్నది. ఋతువు మాత్రం చూచుకొనవలెను. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు, తుపానులు. ధనుష్కోడి 1964 డిసెంబరు తుపానులోనే నాశనమైనది. మాఘమాసం నా దృష్టిలో అనుకూలమైన కాలం.

ఇక అక్కడ ఉండవలసిన విధానం. చేరిన రోజున స్నానాలకు తొందరపడరాదు. ప్రయాణంలో అజీర్ణం సాధారణం. అజీర్ణంలో అభ్యంగనమూ కూడదు, అధికస్నానమూ కూడదు. ఆ పూట వేడి వేడి గంజి గాని, పెసరపప్పుతో పలుచని పొంగలి గాని తీసుకొని త్వరగా నిద్రించవలెను. వసతిగృహం వారిని అడిగినచో అల్లం, జీలకర్ర వేసి మరిగించిన నీరు ఇత్తురు. మరునాడు ఆకలి బాగుగా పుట్టినచో, గోరువెచ్చని నువ్వులనూనె తలకు, చెవుల వెనుక, నడుముకు, పిక్కలకు, అరికాళ్ళకు మర్దించుకొని అర్ధఘటిక తరువాత వేడినీటి స్నానం చేయవలెను. వయసు మళ్ళినవారికి ఒక్క పాదాభ్యంగనమే ఆ రాత్రి నిద్ర తెచ్చును.

మూడవనాడు తీర్థస్నానాలు. ఈ క్రమంలో చేసినవారికి తడిబట్టల చలి అంతగా సోకదు. అయినను ఉబ్బసం, జలుబు, చెవిపోటు గలవారు 22 చోట్ల తలపై బిందెలు పోయించుకొనక, నీటిని సంప్రోక్షణ చేసుకొన్నచో చాలును. స్వామికి కోపం రాదు. సముద్రంలో మునిగినవారు ఉప్పు పోవునట్లు మంచినీటితో కడుగుకొనవలెను. ధనుష్కోడి వద్ద ప్రవాహం బలమైనది. అచ్చట చూచుటయే గాని దిగరాదు. మధుమేహులు వేడి ఇసుకలో వట్టి కాళ్ళతో నడువరాదు. పాదానికి స్పర్శ తగ్గినవారికి కాలినది తెలియదు, తెలిసేసరికి పుండగును. కొబ్బరిబొండాలు దాహానికి మంచివే, కాని మూత్రపిండాల వ్యాధి గలవారు వైద్యుని అడుగకుండ త్రాగరాదు.

మరొక విషయం గట్టిగా చెప్పవలసి ఉన్నది. గంటల కొలది కూర్చుండి ప్రయాణించిన తరువాత రెండు కాళ్ళూ కొద్దిగా వాచుట మామూలు. కాళ్ళు ఎత్తి పడుకొనినచో తగ్గును. ఒక కాలు మాత్రమే వాచి, పిక్క గట్టిపడి నొప్పి ఉన్నచో అది నరాలలో రక్తం గడ్డకట్టుట కావచ్చును. దానిపై నూనె పెట్టి మర్దించుట ప్రాణాపాయం. నావంటి వైద్యుల కొరకు కూడ వేచియుండక, వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఆయాసం, గుండెలో నొప్పి తోడైనచో ఒక్క క్షణమైన ఆలస్యం పనికిరాదు.

తిరుగు ప్రయాణపు ముందురాత్రి హోటలు ఫలహారాలు మాని, మజ్జిగ అన్నంతో సరిపెట్టుకొనుడు. ఇల్లు చేరినపిమ్మట కూడ భోజన వేళలను, నిద్రను ఒక్కరోజులో మార్చక, పాత అలవాటులోనికి మెల్లమెల్లగా రావలెను. సమారాధనను మరుసటి వారానికి పెట్టుకొనుడు. కాశీ చెంబు మూత బిగించియే ఉన్నది, గంగ ఎక్కడికీ పోదు.