చక్రాలున్న ఇల్లు, నేల లేని మనిషి

ఇటీవల ఒక సాహిత్య గోష్ఠిలో ఒక యువ మిత్రుడు ‘నోమాడ్‌లాండ్’ చిత్రాన్ని గురించి ప్రసంగించాడు. క్లోయీ జావ్ తీసిన ఆ చిత్రానికి 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కారు బహుమతి వచ్చిన సంగతి పాఠకులకు తెలుసు. భర్త పోయి, ఫ్యాక్టరీ మూతపడి, చివరకు వూరే లేకుండా పోయిన ఒక స్త్రీ, వ్యానులో కాపురం పెట్టి అమెరికా పడమటి రాష్ట్రాలన్నీ తిరుగుతుంది. ఇది సొంతయిల్లనే బూర్జువా వ్యామోహం మీద తిరుగుబాటని మా మిత్రుడు తేల్చాడు. సభ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పటానికే ఈ వ్యాసం.

అక్కడ ఆ బండిని ‘రిక్రియేషనల్ వెహికిల్’ అంటారు, అంటే వినోద వాహనం. పేరు పెట్టినవాడెవడో గడుసువాడు. లోపల మంచం, పొయ్యి, మరుగుదొడ్డి వుంటాయి. సెలవులకు షికారుపోయే సంపన్నుడికి అది నిజంగా వినోదమే. ఏడాది పొడుగునా అందులోనే బతికేవాడిని మాత్రం మరో ప్రశ్న తరుముతూ వుంటుంది. ఈ రాత్రి బండి ఎక్కడ ఆపాలి? చౌకగా ఎక్కడ ఆపనిస్తారు? సూర్యాస్తమయం ఎక్కడ బాగుంటుందన్నది ఆ తరువాతి మాట.

ఎడారి వున్నది కదా, అంటాడు మిత్రుడు. వున్నది. ఆరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న వూరి పక్క, కేంద్ర ప్రభుత్వ భూముల్లో, సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా బండి నిలుపుకోవటానికి అనుమతి ఇస్తారు. ఆ ఏడు నెలలకూ చాలా సంవత్సరాలపాటు తీసుకున్న రుసుము 180 డాలర్లు. దేశంలో అంత చౌక నివాసం మరొకటి దొరకటం కష్టమే. ఏప్రిల్ తరువాత అక్కడి ఎండకు రేకుబండిలో మనిషి వుండలేడు. ఇతర ప్రభుత్వ భూముల్లో రుసుమే లేదు. కాని సాధారణంగా పద్నాలుగు రోజులు దాటితే అక్కడినుంచి కదలాలి. కదలటానికి పెట్రోలు కావాలి, టైర్లు కావాలి, అరవై డెబ్భై ఏళ్ళ వొంట్లో శక్తి కావాలి. ఉచితమైన నేల అనేది ఉచితంగా రాదన్నమాట.

డబ్బిచ్చి వుండే ప్రయివేటు పార్కుల సంగతి ఇంకా విచిత్రం. కరెంటూ, నీళ్ళూ, మురుగు గొట్టమూ ఇచ్చి నెలకింతని అద్దె తీసుకుంటారు. చాలా పార్కుల్లో పదేళ్ళు దాటిన బండిని రానివ్వరు. వినోదానికి కొన్నవాడి బండి కొత్తది, గతిలేక కొన్నవాడి బండి పాతది. కనుక ఆ నిబంధన తుప్పును చూసి పెట్టింది కాదు, మనిషిని చూసి పెట్టింది. కాలిఫోర్నియా చట్టంలో మరొక మెలిక వున్నది. ఇటువంటి పార్కులో తొమ్మిది నెలలు వున్నవాడికిగాని ‘నివాసి’ అనే హోదా, దానితోపాటు వచ్చే రక్షణా లభించవు. కనుక తొమ్మిది నెలలు నిండకుండా చూసుకుంటే పార్కు యజమానికి బెడద లేదు. తెలంగాణా పాఠకులకు దీన్ని విప్పి చెప్పాలా? 1950 కౌలుదారీ చట్టం వచ్చినప్పుడు, రైతు పేరు రక్షిత కౌలుదారుగా నమోదు కాకుండా భూస్వాములు ఏటేటా మనుషుల్ని మార్చిన విద్య ఇదే కదా!

నా వాదన అంతా ఇక్కడే వున్నది. బండిలో బతికేవాడికి ఇల్లు లేదనటం తప్పు, ఇల్లున్నది. లేనిది ఆ ఇల్లు నిలిచే నేల. చక్రాలు తగిలించినంత మాత్రాన భూమి కౌలు నుంచి విముక్తి రాదు. ఒక యజమాని నేలమీంచి మరొక యజమాని నేలమీదికి దొర్లిపోయే సౌకర్యం మాత్రం వస్తుంది. పైగా బండి ఏటేటా విలువ కోల్పోతుంది, దాని కింద నేల ఏటేటా విలువ పెంచుకుంటుంది. శ్రామికుడికి చిన్న ఇల్లు సొంతం చేస్తే చాలునన్న ప్రూధాన్ శిష్యుల్ని ఎంగెల్సు 1872లోనే దుయ్యబట్టాడు. నివాస సమస్యను బూర్జువావర్గం పరిష్కరించదనీ, ఒకచోటినుంచి మరొకచోటికి నెడుతుందనీ చూపించాడు. ఆయన మురికివాడల గురించి రాశాడు. ఇప్పుడు మురికివాడకే ఇంజను బిగించి, నువ్వే నెట్టుకో అంటున్నారు.

ఇందులో లాభపడేదెవరు? అమెజాన్ కంపెనీ 2008లో మొదలుపెట్టి, ఇటువంటి బండ్లవాళ్ళను పండగ గిరాకీ నెలల్లో గిడ్డంగుల్లో కూలికి పెట్టుకునే పథకం ఏళ్ళ తరబడి నడిపింది. బండి నిలుపుకునే చోటు కంపెనీ చూపించేది. పని అయిపోగానే కూలీ తన ఇల్లు తనే తోలుకొని వెళ్ళిపోవాలి. ఉత్తర డకోటా, మిన్నెసోటాలలో చక్కెర దుంపల కోతకూ ఇలాగే వస్తారు. కేంద్రప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం 2009 నుంచి గంటకు ఏడు డాలర్ల పావు దగ్గరే ఆగివున్నది. జెస్సికా బ్రూడర్ 2017లో రాసిన పుస్తకంలో ఈ కూలి సంగతి, ఆ మోకాళ్ళ నొప్పులు, గట్టిగానే వున్నాయి. దాని ఆధారంగా తీసిన చిత్రంలో ఆకాశం ఎక్కువైంది. మా మిత్రుడు పుస్తకం చదవలేదు, చిత్రం చూశాడు.

2019లో నేను మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళు కాలిఫోర్నియాలో వున్నాను. మౌంటెన్ వ్యూ గూగుల్ ప్రధాన కార్యాలయం వున్న పట్నం. అక్కడ రైలు పట్టాల వెంబడి క్రిసాంటో అవెన్యూలో పొద్దున్నే నడకకు వెళితే, బారులు తీరిన బండ్లు కనిపించేవి. కిటికీలకు దుప్పట్లు, మెట్లమీద పిల్లల చెప్పులు. వాళ్ళెవరూ తిరుగుబాటుదార్లు కారు. తోటపని, వంటపని, ఇళ్ళ కట్టుబడి పని చేసేవాళ్ళు. ఆ వూరి ఇళ్ళు కట్టి, ఆ వూళ్ళో అద్దె కట్టలేక వీధిలో కాపురం వుంటున్నారు. ఆ ఏడే నగరపాలక మండలి ఇరుకు వీధుల్లో పెద్ద బండ్లు నిలపరాదని శాసించింది. కొందరు సంతకాలు సేకరించి దాన్ని అడ్డుకుంటే, 2020 నవంబరులో వోటు పెట్టి మరీ నెగ్గించుకున్నారు. 2024 జూన్‌లో, గ్రాంట్స్ పాస్ కేసులో, సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురు తేడాతో ఇంకా ముందుకు పోయింది. వెళ్ళటానికి చోటు లేకపోయినా సరే, బహిరంగస్థలంలో పడుకున్నవాణ్ణి నగరాలు శిక్షించవచ్చునన్నది. 2025 జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, పెద్ద బండి రెండు గంటలు మించి వీధిలో ఆగరాదని నిర్ణయించింది. రెండు గంటల్లో మనిషికి నిద్రయినా పూర్తికాదు.

మా అమ్మాయి పొరుగున మన తెలుగాయన వున్నాడు. ఖమ్మం జిల్లావాడు, నెమ్మదస్తుడు, నన్ను ‘మాస్టారూ’ అంటూ ఎంతో ఆదరించాడు. ఆ బండ్ల మాట వస్తే మాత్రం ఆయనకు కోపం వచ్చేది. “వీటివల్ల మా ఇళ్ళ ధర పడిపోతుంది మాస్టారూ, పంపించెయ్యాలి” అనేవాడు. మరొకరోజు మాటల్లో తన చిన్నతనం చెప్పాడు. వాళ్ళ తాత గుడిసె కామందు దొడ్లో వుండేదట. ఒక ఏడు కూలి దగ్గర మాటపట్టింపు వచ్చి, తెల్లారేసరికి గుడిసె పీకించాడట. తాత వాసాలు భుజాన వేసుకొని పక్కవూరికి నడిచాడట. ఇది చెబుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి. నేను ముదిగొండ మాట ఎత్తాను. 2007 జూలై 28న, ఇంటిస్థలాలూ భూమీ అడిగినవాళ్ళ మీద పోలీసు తుపాకులు పేలింది ఆయన జిల్లాలోనే. “మరి ఈ బండ్లవాళ్ళు?” అన్నాను.

“అది వేరు, ఇది వేరు, మాస్టారూ” అన్నాడు.

ఎలా వేరో చెప్పమని నేను తిరుగు ప్రయాణమయ్యేదాకా అడుగుతూనే వున్నాను. చప్పట్లు కొట్టిన మిత్రులనూ ఇప్పుడు అదే అడుగుతున్నాను.