చూపు వచ్చిందని ఎవరు చెప్పాలి?

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం మండలంలో మిరప కల్లాల దగ్గర కూర్చుని స్త్రీల ఆరోగ్యం గురించి వివరాలు సేకరిస్తున్న రోజులవి. నా ప్రశ్నావళిలో కంటి గురించి ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న: ‘శుక్లం ఆపరేషన్ అయిందా? అవును / కాదు.’ ముచ్చికలు తీస్తున్న ఒక పెద్దవ్వని అడిగాను. అయిందంది. ‘అవును’ దగ్గర టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకి పోతుంటే ఆమే నన్ను ఆపింది.

“అయింది బిడ్డా. గట్టు మీదికెళ్ళి వచ్చే మనిషి కనపడ్తుండు. చేతిల ఉన్న కాయకు మచ్చ ఉన్నదో లేదో కనపడ్తలేదు. ఈ కన్నుతోని నేనేం చెయ్యాలె?”

ఆమె దాచుకున్న ఆస్పత్రి చీటీ చూశాను. ఆపరేషన్ చేసిన కంటికి 6/9 అని రాసి ఉంది. అంటే మామూలు చూపున్నవాళ్ళు 9 మీటర్ల దూరం నుంచి చదవగలిగే అక్షరాన్ని ఆమె 6 మీటర్ల నుంచి చదవగలదు. వైద్యుల లెక్కలో అది మంచి ఫలితం. కల్లంలో మాత్రం మచ్చకాయ ఏరే పని నుంచి ఆమెని తప్పించి, తక్కువ కూలికి ముచ్చికల దగ్గర కూర్చోబెట్టారు. చీటీలో రాసింది అబద్ధం కాదు. ఆమె చెప్పిందీ అబద్ధం కాదు. మరి తేడా ఎక్కడుంది?

కంటిలోని సహజమైన లెన్సు మసకబారడమే శుక్లం. అది మందులతో పోదు, ఆ లెన్సుని తీసెయ్యాల్సిందే. ఒకప్పుడు లెన్సుని దాని సంచితో సహా తీసేసి, సోడాబుడ్డి కళ్ళద్దాలిచ్చి పంపేవారు. ఆ అద్దాలు పగిలిన రోజున మళ్ళీ గుడ్డితనమే. లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ 1949లోనే కంటి లోపల కృత్రిమ లెన్సు అమర్చినా, అది మన పల్లెల దాకా రావడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది. ప్రపంచ బ్యాంకు సాయంతో 1994 నుంచి 2002 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల పథకం కాలంలో లెన్సు అమర్చే శస్త్రచికిత్స విస్తరించింది.

ఇప్పుడు వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా రెండు. ఫేకో పద్ధతిలో 3 మిల్లీమీటర్ల లోపు గాటు పెట్టి, యంత్రంతో అల్ట్రాసౌండ్ తరంగాలు పంపి, లెన్సుని ముక్కలు చేసి పీల్చేస్తారు. చిన్న గాటు పద్ధతిలో 6, 7 మిల్లీమీటర్ల గాటులోంచి చేత్తోనే తీస్తారు. దానికి కుట్లూ, ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు. డబ్బున్నవాళ్ళకి మొదటిది, పేదవాళ్ళకి రెండోది అన్నట్టు సాగుతోంది వ్యవహారం. అయితే పేదవాళ్ళకి దక్కేది నాసిరకం పద్ధతేనా? పుణేలో గోగటే, ఆయన సహచరులు 400 కళ్ళ మీద రెండు పద్ధతుల్నీ పోల్చి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఆరు వారాల తర్వాత అద్దాలు లేకుండా 6/18 లేదా అంతకన్నా మెరుగైన చూపు ఫేకోలో 81 శాతానికి, చిన్న గాటులో 71 శాతానికి వచ్చింది. సరైన అద్దాలు పెట్టాక రెండింటిలోనూ అది 98 శాతం. అంటే ఖరీదైన యంత్రం తెచ్చిన తేడాని ఒక జత కళ్ళద్దాలు చెరిపేశాయి.

కాబట్టి మనం అడగాల్సింది ఏ పద్ధతిలో చేశారని మాత్రమే కాదు. ఆ తర్వాత ఏం చేశారని అడగాలి.

కంట్లో సాధారణంగా పెట్టే లెన్సు ఒకే దూరానికి పనిచేస్తుంది. దాన్ని దూరపు చూపుకి సరిపడేలా అమరుస్తారు. దగ్గరి పనికి విడిగా అద్దాలు కావాలి. ఫలితాన్ని కొలిచే పట్టీ కూడా 6 మీటర్ల దూరంలోనే ఉంటుంది. కానీ మన స్త్రీల పనంతా ఎంత దూరంలో ఉంది? మచ్చకాయ ఏరడం, బియ్యంలో రాళ్ళు తీయడం, సూదిలో దారం ఎక్కించడం, మనవరాలి తలలో పేలు చూడడం – అంతా మూరెడు దూరంలోనే! ఆ మూరెడు దూరాన్ని కొలవని పరీక్ష ఆడవాళ్ళ జీవితాన్ని కొలిచినట్టెలా అవుతుంది?

లెన్సు విషయంలోనూ ఇంకో సంగతి ఉంది. కంటి పొడవు, కార్నియా వంపు కొలిచి లెన్సు పవరు నిర్ణయిస్తారు. పొడవు లెక్కలో ఒక్క మిల్లీమీటరు తప్పితే పవరు సుమారు రెండున్నర పాయింట్లు తప్పుతుంది. స్త్రీల కళ్ళు సగటున పురుషుల కళ్ళకన్నా కాస్త పొట్టి. కొలతలు లేకుండా అందరికీ ఒకే ‘సగటు’ లెన్సు పెడితే పొట్టి కంటికి ఆ పవరు చాలదు. దూరం మసక, దగ్గర మరీ మసక. ‘సగటు మనిషి’ అంటే మగమనిషే అని మనం చాలా విషయాల్లో చెప్పుకుంటూ వచ్చాం. అది కంటి లోపలికి కూడా పోగలదు.

అంకెలు కూడా ఈ వివక్షనే చెబుతున్నాయి. ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1996–2000 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 10,293 మందిని పరీక్షించింది. అంధత్వం స్త్రీలలో, పేదల్లో, పల్లెల్లో ఎక్కువగా ఉందని తేలింది. ఆ అంధత్వంలో 60 శాతం శుక్లాల వల్ల, సరిచెయ్యని దృష్టిదోషాల వల్ల వచ్చిందే. 2015–19 జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటిన పురుషుల్లో అంధత్వం 1.67 శాతం, స్త్రీలలో 2.31 శాతం. మొత్తం అంధత్వంలో 66.2 శాతానికి కారణం శుక్లం. 7.2 శాతానికి కారణం శుక్లం ఆపరేషన్‌లో వచ్చిన చిక్కులు! చికిత్స అందక కొందరు, చికిత్స వికటించి ఇంకొందరు చూపు పోగొట్టుకుంటున్నారు.

ఆపరేషన్ రోజున వ్యాను ఊళ్ళోకి వస్తుంది. ఆరు వారాల తర్వాత అద్దాల పరీక్షకి ఏ వ్యానూ రాదు. ఖమ్మం పోవాలంటే బస్సు చార్జీ కావాలి, తోడు కావాలి, ఒకరోజు కూలి పోవాలి. ‘ముసల్దానికి కనపడుతూనే ఉంది గదా’ అని కొడుకు అంటాడు. కొన్నాళ్ళకి లెన్సు వెనకున్న సంచి మసకబారితే ‘మళ్ళీ పొర వచ్చింది, నా రాత’ అని ఆమే ఊరుకుంటుంది. యాగ్ లేసర్‌తో కొద్ది నిమిషాల్లో అది సరయిపోతుందని ఆమెకి చెప్పినవాళ్ళు లేరు.

‘ఇంతమంది చూపు లేక ఉంటే ముందు ఆపరేషన్లు కానివ్వండి, అద్దాల సంగతి తర్వాత’ అనే వైద్యులున్నారు. వాళ్ళ ఆదుర్దాని నేను కాదనను. కానీ ఆ ‘తర్వాత’ స్త్రీలకి ఎప్పుడొచ్చింది? 2017లో అస్సాం తేయాకు తోటల్లో, నలభై దాటిన 751 మంది కూలీలతో ఒక అధ్యయనం చేశారు. వాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినవాళ్ళు, ఇవ్వనివాళ్ళకన్నా సుమారు 22 శాతం ఎక్కువ ఆకు కోయగలిగారు. అద్దాలు అలంకారం కాదు, కూలి!

2021లో ప్రపంచ ఆరోగ్య సభ ఆపరేషన్ల సంఖ్య చాలదనీ, మంచి చూపు వచ్చిన ఆపరేషన్లనే లెక్కించాలనీ ఒప్పుకుంది. శుక్లాల లెక్కలో అక్కడ కొలిచేదీ దూరపు చూపే. 2018లో మొదలైన ‘కంటి వెలుగు’ రెండో దశని 2023 జనవరి 18న ఖమ్మంలోనే ప్రారంభించారు. దగ్గరి చూపు అద్దాలు ఊరిదాకా తేవచ్చని ఆ కార్యక్రమం చూపించింది. ఒకసారి చేయగలిగినది ఎప్పటికీ ఎందుకు చేయకూడదు?

మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. ప్రతి కంటినీ కొలిచి లెన్సు పెట్టాలి. ఆరు వారాల పరీక్ష, దూరానికీ దగ్గరికీ అద్దాలు ఆపరేషన్‌లో భాగం కావాలి, అవి మండల కేంద్రంలోనే అందాలి. ఫలితాలను స్త్రీలకీ పురుషులకీ విడివిడిగా ప్రకటించాలి. ‘మీ పని మీరు చేసుకోగలుగుతున్నారా?’ అని ఆమెనే అడిగి రాయాలి.

ఆ చివరి ప్రశ్న నా ప్రశ్నావళిలోనూ లేదు. స్త్రీల కోసమే పనిచేస్తున్నానని అనుకునే నేను కూడా ఆ పెద్దవ్వని ఒక టిక్కుతో ముగించబోయాను. ఆమె ఆపబట్టి ఆగాను. ఇప్పుడు ఆ ప్రశ్న చేర్చాను. దాని ఎదురుగా ‘అవును / కాదు’ గడులు లేవు. ఆమె చెప్పింది రాయడానికి ఖాళీ జాగా ఉంచాను.