మందు మొదలుపెట్టారు సరే, బిడ్డ బరువు చూశారా?

గత శ్రావణమాసంలో తొమ్మిదేళ్ల మనుమణ్ణీ, కోడలినీ వెంటబెట్టుకొని ఒక పెద్దాయన నా వద్దకు వచ్చారు. "వైద్యులుగారూ, వీడికి మధ్యాహ్నం అన్నం సయించదు. ఆకలి పుట్టే చూర్ణమేదైనా ఇప్పించండి" అన్నారు. నాడి చూస్తే వేగంగా ఉంది. రాత్రి పదకొండు దాటినా కునుకు పట్టదట. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నారు. మూడవసారి అడిగిన పిమ్మట తల్లి సంచిలోనుండి మిథైల్ ఫెనిడేట్ మాత్రలు తీసి చూపింది. ఏ.డి.హెచ్.డి. అని నిర్ధారించి ఇచ్చారట. ఎనిమిది నెలలుగా వాడుతున్నారట. ఆయుర్వేద వైద్యుడు కోప్పడతాడని దాచారు!

కోపం వచ్చిన మాట నిజమే, కాని మందు మీద కాదు. ఆ ఎనిమిది నెలలలో బిడ్డ బరువు ఒక్కసారైనా తూచినవారు లేరు.

ఈ ఔషధం కొత్తది కాదు. 1944లో స్విట్జర్లాండులోని సీబా సంస్థలో లియాండ్రో పానిజాన్ అనే రసాయనవేత్త దీనిని తయారుచేశారు. రిటాలిన్ అన్న పేరు ఆయన భార్య రీటా పేరునుండి వచ్చినదే. దీనివలన చాలామంది పిల్లలలో ధ్యాస కుదురుతుంది, నేను కాదనను. అయితే ఆకలి మందగించుట, నిద్ర ఆలస్యమగుట, నాడీవేగమూ రక్తపోటూ పెరుగుట కూడ దీని గుణాలే. కొందరిలో తలనొప్పి, కడుపునొప్పి, చిరాకు, ముఖకండరాల అదురు కనిపిస్తాయి. దీర్ఘకాలం వాడితే ఎత్తు పెరుగుదల కొంత తగ్గవచ్చును. బిడ్డకు గుండెజబ్బు ఉన్నా, వంశంలో చిన్నవయసులో అకస్మాత్తుగా మరణించినవారున్నా మొదటి మాత్రకు ముందే వైద్యునికి చెప్పితీరాలి. ఇదే వ్యాధికి వాడే ఆటమాక్సెటిన్ విషయంలో, పిల్లలలో ఆత్మహత్య ఆలోచనలు కలుగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో తీవ్ర హెచ్చరిక జారీచేసింది.

కావున తల్లులారా, ఒక నోటుపుస్తకం పెట్టండి. బరువు, ఎత్తు, నిద్రపోయిన వేళ వ్రాయండి. రక్తపోటు, నాడి చూడమని వైద్యుని అడగండి. ఉదయం మాత్రకు ముందే ఇడ్లీయో, పెసరట్టో కడుపునిండా పెట్టండి. సాయంత్రం మందు ప్రభావం తగ్గి ఆకలి తిరిగి వచ్చినపుడు పప్పూ నెయ్యీ కలిపిన అన్నం సిద్ధంగా ఉండాలి. ఆరేళ్లలోపు పిల్లలకైతే మందుకంటె ముందు తలిదండ్రులకు శిక్షణ అవసరమని అమెరికా శిశువైద్యుల సంఘమే చెబుతున్నది. భయపడి మీ అంతట మీరు మాత్ర ఆపవద్దు; ఇచ్చిన వైద్యుని అడిగే మార్చండి.

ఇక మావారి సంగతి. "మూలికలకు దుష్ఫలితాలుండవు" అని బోర్డు కట్టేవారిని చూస్తే నాకు సిగ్గు వేస్తుంది. బ్రాహ్మి సైతం కొందరికి వికారం, విరేచనాలు కలిగిస్తుంది. బోస్టన్ ప్రాంతపు దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి బయటపడినట్లు 2004లో ప్రకటించారు. సీసం పిల్లల ధ్యాసనే చెడగొట్టే లోహం. పేరులేని పొట్లంలో ఏమున్నదో ఎవరికి తెలుసు?

ఆ బాలునికి నేను ఏ చూర్ణమూ ఇవ్వలేదు. చూసిన లక్షణాలన్నీ కాగితం మీద వ్రాసి, మాత్రలిచ్చిన డాక్టరుగారి వద్దకే పంపాను. ఆయన మోతాదు తగ్గించారు. దీపావళికి వచ్చినపుడు తూచితే కిలోన్నర పెరిగాడు. పదింటికల్లా నిద్రపోతున్నాడట. బడిలో ధ్యాస ఎలా ఉన్నదో పరీక్షల తరువాత వచ్చి చెబుతామన్నారు.