మనవాళ్లు మారరు అనకండి



నెల కిందట ఒక ఊరి దారిలో పత్తి చేను దగ్గర బండి ఆపాను. ఓ కుర్రాడు మందు కొడుతున్నాడు. ఒక్క ట్యాంకులోనే మూడు మందులు పోశాడు. కర్ర దొరకలేదేమో, చేత్తోనే కలిపాడు. మూతికి గుడ్డ లేదు. పైగా గాలికి ఎదురు నడుస్తున్నాడు.

“ఏ పురుగుందని కొడుతున్నవు తమ్మీ?”

“తెల్వదన్నా. పక్క చేనాయన కొట్టిండు. మనం కొట్టకపోతే పురుగంతా మన చేన్లకే వస్తదట.”

“మరి మూడెందుకు?”

“ఏదో ఒకదానికి సావకపోతదా!”

చేలో దిగి ఇరవై మొక్కలు చూశాను. పంటను దెబ్బతీసేంత పురుగు ఎక్కడా లేదు. ఆకుల అడుగున అక్షింతల పురుగులు మాత్రం తిరుగుతున్నాయి. పేనుబంకను తిని మన పంటను కాపాడేది అదే. ఆ మందుకు ముందు చచ్చేదీ అదే. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం.

బండెక్కి వస్తుంటే నోట్లోంచి ఒకటే మాట వచ్చింది. మనవాళ్లు మారరు! ఇన్నేళ్లుగా రాస్తున్నాం, చెబుతున్నాం, ఎవరి కోసం?

ఇలాంటి విసుగు మీకూ ఉంటుంది. మూడు బోర్లు ఎండిన చోటే అప్పు చేసి నాలుగోది వేసే తమ్ముడు ఉంటాడు. పైరు పచ్చగా కనబడాలని బస్తా మీద బస్తా యూరియా చల్లే పొరుగాయన ఉంటాడు. చెప్పబోతే ‘నీకేం తెలుసు’ అంటారు.

కానీ ఆ రాత్రి నిద్ర పట్టక పాత సంగతి ఒకటి గుర్తు చేసుకున్నాను. 1997-98 పత్తి కాలం. మన వరంగల్ జిల్లాలో ఆ ఏడు తలచుకోని ఇల్లుండదు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నా. లద్దె పురుగు చేలకు చేలు ఊడ్చేసింది. మా బాపు వారానికి రెండుసార్లు మందు కొట్టాడు, నేను నీళ్లు మోశాను. ఎదిగిన లద్దె పురుగు పగలు మొదళ్ల దగ్గర, మట్టి పెళ్లల కింద దాక్కుంటుంది. తినేది రాత్రిపూట. మేమేమో మిట్టమధ్యాహ్నం ఆకుల మీద కొట్టాం! పురుగు చావలేదు, అప్పు పెరిగింది. ఆ అప్పు కింద మాకు ఎకరం పోయింది. ఎన్నో ఇళ్లలో మనుషులే పోయారు.

మా బాపు తెలివి లేనివాడా? కాదు. మందు అరువిచ్చినవాడి మాట కాదంటే మళ్లీ అరువు పుట్టదు. పంట చేతికొచ్చేదాకా ఆ కొట్టే దిక్కు. అలాంటప్పుడు అప్పిచ్చినవాడు చెప్పిందే శాస్త్రం. మనం మూర్ఖత్వం అనుకునే దానిలో సగం భయం, పావు అప్పు. మిగిలిన పావే తెలియనితనం.

ఇప్పుడు చూడండి. చేను చుట్టూ ఆముదం వేస్తే లద్దె పురుగు ఆ ఆకుల మీద గుడ్లు పెడుతుందని, ఆ ఆకులు తెంపి నాశనం చేస్తే సరిపోతుందని ఇవాళ చాలామంది రైతులకు తెలుసు. తవుడు, బెల్లం కలిపిన విషపు ఎర సాయంత్రం పూట చల్లాలనీ తెలుసు. ఆనాడు చేలల్లో విచ్చలవిడిగా వాడిన ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపించింది. అప్పటి మన జిల్లాలోనిదే, ఇప్పుడు జనగామ జిల్లాలో ఉన్న ఏనెబావి. చిన్న ఊరు. తొంభైల చివర్లో ఎర్ర గొంగళి పురుగు మీద పోరుతో మొదలుపెట్టారు. తొలి వానలకు రెక్కల పురుగులు లేచే వేళ చేలల్లో మంటలు వేసి వాటిని రప్పించి చంపారు. ఒక్కడు వేస్తే లాభం లేదు, ఊరంతా వెయ్యాలి. అలా కలిసిన ఊరు మెల్లగా పురుగుమందులు, ఆ తర్వాత రసాయన ఎరువులు కూడా మానేసింది. వాళ్లూ మనలాంటి రైతులే కదా!

ఇక నా సంగతి కూడా చెప్పాలి, దాచుకుంటే న్యాయం కాదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనంతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల పొట్లం ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ వెయ్యాలి. అక్కడ బతికిన పురుగులు, బీటీని తట్టుకున్న పురుగులతో జతకడితే ఆ తట్టుకునే గుణం తొందరగా పెరగదు. ఈ సంగతి పేపర్లో రాసింది నేనే. నా చేలో మాత్రం ఆ పొట్లం గట్టు మీద పారేశాను. అంత జాగా దండగెందుకు అనుకున్నా. నాలాగే ఎందరో పారేశారు. ఇవాళ గులాబీ రంగు పురుగు బీటీని లెక్కచేయకుండా కాయల్లో దూరుతోందంటే, అందులో నా గుప్పెడు గింజల పాపమూ ఉంది. మరి ఎవరిని తిట్టాలి?

అందుకే అంటున్నా, మనవాళ్లు మారరు అనకండి. ఆ ‘మనవాళ్ల’లో మనమూ ఉన్నాం. ఇవాళ్టిని నిన్నటితో పోల్చితే ఏమీ జరగనట్టే ఉంటుంది. పాతికేళ్ల కిందటితో పోల్చి చూడండి, ఎంత దూరం వచ్చామో తెలుస్తుంది. వచ్చింది కూడా ఉపన్యాసాలతో కాదు. పక్క చేను చూసి వచ్చాం. చెడు పక్క చేను నుంచే వస్తుంది, మంచీ అక్కడి నుంచే వస్తుంది.

ఆ కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి తిట్టలేదు. ఎకరానికి నాలుగు లెక్కన లింగాకర్షక బుట్టలు కట్టించాను. వరుసగా మూడు రోజులు బుట్టకు రోజుకు 8 గులాబీ రంగు రెక్కల పురుగులు పడితేనే ఆ పురుగుకు మందు ఆలోచించమన్నాను. మొన్న శనివారం పోయి చూస్తే మోటారు కొట్టం గోడ మీద బొగ్గుతో రోజువారీ లెక్క రాసి ఉంది.

“మళ్లీ మందు కొట్టినవా?” అనడిగాను.

“కొట్టిన అన్నా. లెక్క దాటినంకనే. ఒక్కటే మందు.”

గాలి వాలునే కొట్టాడట. మూతికి తువ్వాల కట్టుకున్నాడట. చేత్తో కలిపావా అంటే నవ్వి, గట్టు మీద పెట్టిన కర్ర చూపించాడు.

మూడు మందుల నుంచి ఒక మందుకు వచ్చాడు. వచ్చే ఏడు ఏం చేస్తాడో వాడి చేను చెబుతుంది. పక్క చేనాయన మాత్రం ఆ బుట్టలేమిటని అప్పుడే అడిగి పోయాడట.