ఫార్సీ పడ్డ గోస, ఫార్సీ పెట్టిన గోస

దర్వాజ మూసి, బజారుకు పోయి, రోజుకూలి లెక్క చూసుకుని, సర్కారుకు దరఖాస్తు పెట్టి ఇల్లు చేరే మనిషి తాను పొద్దంతా ఫార్సీ మాటలు వాడానని అనుకోడు. గోలకొండ ఫర్మానాలు ఫార్సీలోనూ తెలుగులోనూ వెలువడ్డాయి. నిజాం కొలువులో 1880లలో ఉర్దూ వచ్చేదాకా దఫ్తర్ భాష ఫార్సీయే. జాగీరు, బేగారు అన్న మాటలూ ఆ దారినే వచ్చాయి. వాటి అర్థం ఏమిటో మన తాతల వీపులకు తెలుసు. అందుకే ఈ భాష మీద మనకు మోజూ అక్కరలేదు, కక్షా అక్కరలేదు. అది ఏం పడింది, ఏం చేసింది అన్న సోయి ఉంటే చాలు.

ఇరాన్ గురించి ఎవరు మాట్లాడినా 'రెండున్నర వేల ఏండ్ల చరిత్ర' అని మొదలుపెడతారు. సరే, అక్కడి నుంచే చూద్దాం. సైరస్ క్రీ.పూ. 539లో బాబిలోన్‌ను పట్టుకున్నాడు. ఆ గెలుపును చాటే మట్టి శాసనం 1879లో తవ్వకాల్లో దొరికింది, బ్రిటిష్ మ్యూజియంకు చేరింది. అది ఉన్నది సైరస్ సొంత భాషలో కాదు, ఓడిన బాబిలోన్ భాషలో. డేరియస్ బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శాసనం మూడు భాషల్లో ఉంది: పాత పారశీకం, ఎలమైట్, బాబిలోనియన్. రాజధాని పెర్సెపొలిస్‌లో దొరికిన వేలాది మట్టి పలకల మీద కూలీల బత్తెం, ధాన్యం పద్దు రాసి ఉన్నాయి. ఆ లెక్కలు ఎక్కువగా ఎలమైట్‌లోనే! దూరపు రాష్ట్రాలతో రాతకోతలు అరమాయిక్‌లో నడిచేవి. సింధు నది నుంచి ఈజియన్ సముద్రం దాకా ఏలిన పారశీకులు తమ భాషను ఎవరి నోట్లోనూ కుక్కలేదు. 1971లో షా ప్రభుత్వం ఆ సైరస్ శాసనానికి నకలు చేయించి, ప్రపంచపు తొలి మానవ హక్కుల పత్రం అంటూ ఐక్యరాజ్య సమితికి కానుకగా ఇచ్చింది. చరిత్రకారుల్లో చాలామంది ఆ మాట ఒప్పుకోరు. మేమూ ఒప్పుకోం. గెలిచిన రాజు చేసే ప్రకటన ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది. అయితే భాష విషయంలో ఆ పాత రాజులు తర్వాతి వాళ్లకన్నా పెద్దమనుషులే అనిపిస్తుంది.

క్రీ.పూ. 330లో అలెగ్జాండర్ పెర్సెపొలిస్‌ను తగలబెట్టాడు. ఆ దెబ్బ నుంచి కోలుకున్నారు. అసలు దెబ్బ క్రీ.శ. 7వ శతాబ్దంలో తగిలింది. అరబ్బు సేనల ముందు సాసానీ రాజ్యం కూలింది. ఆఖరి చక్రవర్తి మూడో యజ్దగిర్ద్ 651లో మెర్వ్ దగ్గర దిక్కులేక చచ్చాడు. రాజ్యం పోయింది, కొలువు పోయింది, మెల్లమెల్లగా మతం మారింది, లిపి మారింది. చదువుకున్నవాడు అరబ్బీలోనే రాయాలి. ఎంతగా అంటే, అరబ్బీ వ్యాకరణానికే పెద్ద దిక్కైన సీబవైహ్ పుట్టుకతో పారశీకుడు! సొంత భాషకు చెయ్యాల్సిన చాకిరీ ఏలినవారి భాషకు చేసి మెప్పు పొందడం మన చదువుకున్నవాళ్లకు కొత్త సంగతేం కాదు.

అయినా రెండు శతాబ్దాలు దాటేసరికి ఆ భాష మళ్లీ లేచింది. అరబ్బీ లిపిని తొడుక్కుని లేచింది. బుఖారా ఏలిన సామానీలు దానికి నీడనిచ్చారు. తూస్ పట్నపు ఫిరదౌసి దాదాపు మూడు దశాబ్దాలు కూర్చుని 'షానామా' రాసి 1010లో ముగించాడు. సుమారు యాభై వేల ద్విపదలు, అరబ్బీ మాటలు బహు తక్కువ. గజనీ మహమ్మద్ బంగారం ఇస్తానని వెండి ఇచ్చాడన్న కథ జాషువా 'ఫిరదౌసి' పుణ్యమా అని మన బడిపిల్లలకూ తెలుసు. కథలో నిజమెంతో కానీ, మాట తప్పిన సుల్తాను కన్నా మాట మిగిల్చిన కవే జనం యాదిలో నిలిచాడు. గజనవీలు, సెల్జుక్‌లు, సఫవీలు, కజార్లు... ఆ తర్వాత ఇరాన్‌ను ఏలినవాళ్లలో చాలామంది ఇంట్లో తుర్కీ మాట్లాడినవాళ్లే. 1501లో సఫవీ రాజ్యం పెట్టిన షా ఇస్మాయిల్ తుర్కీలో కవిత్వం రాశాడు. వీళ్లంతా కొలువులో ఫార్సీని నెత్తిన పెట్టుకున్నారు. అంటే అది రక్తంతో వచ్చిన అస్తిత్వం కాదు. నేర్చుకున్నవాడికల్లా దక్కింది.

ఇంతవరకు చదివి చప్పట్లు కొట్టవచ్చు. అక్కడే ఆగిపోతే మాత్రం సగమే తెలుసుకున్నట్టు.

1925లో గద్దెనెక్కిన రెజా షా ఒకే దేశం, ఒకే భాష అన్నాడు. 1934లో ఫిరదౌసికి తూస్‌లో కొత్త సమాధి మందిరం తెరిచారు. 1935లో పరాయి దేశాలు కూడా పర్షియా అనకుండా ఇరాన్ అనాలన్నారు. అదే ఏట అకాడమీ పెట్టి అరబ్బీ మాటలను ఏరివేయించారు. తబ్రీజ్‌లో తుర్కీ పిల్లలకు, కొండల్లో కుర్దు పిల్లలకు బడి అంటే ఫార్సీ ఒక్కటే అయింది. అరబ్బీ కింద నలిగిన భాష, చేతికి రాజ్యం రాగానే తానే బెత్తం పట్టింది. 1945 ఆఖరులో తబ్రీజ్‌లో స్వపరిపాలన ప్రభుత్వం వచ్చి తుర్కీలో చదువు మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి టెహ్రాన్ సేనలు దిగాయి, ఆ చదువు ఆగిపోయింది. అదే కాలంలో మహాబాద్‌లో కుర్దు రిపబ్లిక్ నడిపిన ఖాజీ మొహమ్మద్‌ను 1947లో ఉరితీశారు.

సమద్ బెహ్రంగీ అని ఒక పల్లెటూరి పంతులు ఉండేవాడు. 1939లో తబ్రీజ్‌లో పుట్టాడు, అజర్‌బైజాన్ పల్లెల్లో పాఠం చెప్పాడు. ఇంట్లో తుర్కీ తప్ప తెలియని పిల్లల చేతిలో టెహ్రాన్ పిల్లల కోసం రాసిన ఫార్సీ వాచకం పెడితే వాళ్లకేం ఎక్కుతుందని అడిగాడు. తన జనం చెప్పుకునే తుర్కీ కథలను సేకరించి ఫార్సీలో అచ్చువేయాల్సి వచ్చింది. వాగు వదిలి సముద్రం చూడబోయిన 'చిన్న నల్ల చేప' కథ ఆయనదే. 1968లో అరస్ నదిలో మునిగి చనిపోయాడు. అప్పటికి ముప్పై ఏండ్లు కూడా లేవు. ఇది చదువుతున్న టీచర్లకు ఆ పంతులు గోస విడమర్చి చెప్పనక్కరలేదు.

టెహ్రాన్ పెద్దలకు ఒక జవాబు ఎప్పుడూ తయారుగా ఉండేది. భాషల మాట ఎత్తితే దేశం ముక్కలవుతుంది, పరాయివాళ్లు కాచుకుని ఉన్నారు అని. ఆ భయం ఉత్తది కాదు. 1907లో బ్రిటన్, రష్యా ఆ దేశాన్ని తమ ప్రభావ మండలాలుగా పంచుకున్నాయి. 1941లో ఆక్రమించాయి. 1945 నాటి తబ్రీజ్ ప్రభుత్వం వెనుక సోవియట్ సైన్యం ఉన్న మాటా నిజం. 1951లో చమురును జాతీయం చేసిన మొసాద్దెగ్‌ను 1953లో అమెరికా, బ్రిటన్ గూఢచారులు కుట్ర పన్ని కూలదోశారు. ఇవన్నీ మేం కాదనం. కానీ దొంగ బయట ఉన్నాడని ఇంట్లో పసిపిల్ల నోరు కట్టేస్తారా? ఫార్సీ మాతృభాషగా ఉన్నవారు జనాభాలో సగానికి కాస్త ఎక్కువ అని అంచనా. మిగతావాళ్లూ ఆ దేశం కోసం చచ్చినవాళ్లే.

1979లో షా పోయాడు, కొత్త రాజ్యాంగం వచ్చింది. దాని 15వ అధికరణం ప్రాంతీయ భాషల సాహిత్యాన్ని బడుల్లో చెప్పవచ్చు అంది. కాగితం మీద మాట కాగితం మీదే మిగిలింది. ఆ తర్వాతి నాలుగు దశాబ్దాల్లో అది సర్కారీ బడి గడప దాటింది దాదాపు లేదు.

2022 సెప్టెంబర్ 16న టెహ్రాన్‌లో 22 ఏండ్ల పిల్ల పోలీసు నిర్బంధంలో ప్రాణం విడిచింది. తలకు గుడ్డ సరిగా కట్టుకోలేదన్నది నేరం. కాగితాల్లో ఆమె మహ్సా అమీనీ. సొంతూరు సఖ్ఖెజ్‌లో, ఇంట్లోవాళ్ల నోట ఆమె జీనా, కుర్దు పేరు. మట్టి ఇచ్చిన చోట కుర్దు ఆడవాళ్లు తల గుడ్డలు తీసి 'జిన్, జియాన్, ఆజాదీ' అన్నారు. రోజుల్లో ఆ నినాదం టెహ్రాన్ వీధుల్లో ఫార్సీ అయింది: 'జన్, జిందగీ, ఆజాదీ'. వెయ్యేండ్లుగా ఇతరులకు మాటలు అరువిచ్చిన భాష, ఈసారి తాను బడిలో అడుగుపెట్టనివ్వని భాష దగ్గర అరువు తెచ్చుకుంది. జనానాలో ఉన్న 'జన్' అదే, ఆడమనిషి. మిగతా రెండు మాటలకు హైదరాబాద్ బస్తీలో ఎవరికీ అర్థం చెప్పనక్కరలేదు.